రెండు చుక్కలు పెట్టించిన ప్రశ్న

1978లో పోలండ్‌లోని యబ్వోన్నాలో, ఒక భవంతిలో, నలుగురు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఎంతకీ తెగని వాదనలో పడ్డారు. లాంబర్ట్ మీర్టెన్స్, రాబర్ట్ డీవార్, పీటర్ కింగ్, జాక్ ష్వార్ట్జ్ వాళ్ల పేర్లు. కంప్యూటర్ చదువు చదవనివాళ్లు కూడా తేలిగ్గా నేర్చుకోగల ప్రోగ్రామింగ్ భాష ఒకటి తయారుచేయాలని వాళ్ల ప్రయత్నం. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పేర్చే ఒకే ప్రోగ్రామును రకరకాలుగా రాసి, ఏ రాత బాగుందో పోల్చి చూస్తున్నారు. నలుగురిలో ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి డీవార్ భార్య కరీన్‌ను గదిలోంచి పిలిచి, చూసి చెప్పమన్నారు. మొదటి రాతను ఆమెకు వివరించగానే ఆమెకు ఒక సందేహం వచ్చింది. 'ఫర్' అని మొదలైన లైనులో చెప్పింది ఆ ఒక్క లైనుకే కాకుండా కింద ఉన్న లైన్లకు కూడా వర్తిస్తుందా అని ఆశ్చర్యంగా అడిగింది.

నలుగురు నిపుణుల్లో ఒక్కరికీ రాని సందేహం అది. ఆ లైను చివర రెండు చుక్కలు ఉండి ఉంటే, అసలు సంగతి ఇంకా కింద ఉందని ఆమెకు వెంటనే తెలిసేదని వాళ్లకు అప్పుడు తట్టింది. ఈనాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రతి 'ఇఫ్' చివరా, ప్రతి 'ఫర్' చివరా కనిపించే రెండు చుక్కలు అలా వచ్చినవే. కొత్తగా నేర్చుకునేవాళ్లు మరిచిపోయేవి కూడా అన్నిటికంటే ఎక్కువగా వాటినే. అవి మరిచిపోతే 'ఇక్కడ రెండు చుక్కలు లేవు' అని యంత్రం సూటిగా చెప్పడం 2021 అక్టోబరులో గానీ మొదలవలేదు. చుక్కలు పుట్టి అప్పటికి నలభై మూడేళ్లు. నేర్చుకునేవాడి తడబాటును వాడి తప్పుగా కాక, భాషలో ఉన్న లోటుగా చూడటానికి మనుషులకు అంత కాలం పట్టింది.

ఆ నలుగురూ వాదించుకున్న భాష మొదటి పేరు 'బి'. తర్వాత అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో 'ఏబీసీ' అయింది. మీర్టెన్స్, లియో గర్ట్స్, స్టీవెన్ పెంబర్టన్ దాన్ని తీర్చిదిద్దారు. ఆ జట్టులో పనిచేసిన కుర్రవాడు గైడో వాన్ రోసమ్. ఏబీసీ పెద్దగా వ్యాపించలేదు, ఆ పని ఆగిపోయింది. అందులోని మంచి గైడో మనసులో నిలిచిపోయింది. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆయన సొంతంగా ఒక భాష మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో ప్రపంచానికి విడుదల చేశారు. అదే పైథాన్. ఏబీసీ నుంచి అందులోకి వచ్చిన వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆ రెండు చుక్కలు, రెండోది లైన్లను లోపలికి జరిపి రాయడం.

ఈ జరపడమే కొత్తవాళ్లను మొదటివారంలో ఏడిపిస్తుంది. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు నేనైతే దీన్ని కాలువలతో చెబుతాను. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ, పిల్ల కాలువ నుంచి బోదె. ఏ చేను ఏ బోదె కింద ఉందో తెలిస్తే నీళ్లు ఎప్పుడు అందుతాయో తెలిసినట్టే. షరతు పెట్టే 'ఇఫ్' కింద నాలుగు ఖాళీలు జరిపి రాసిన లైన్లు ఆ 'ఇఫ్' బోదె కింది చేలు. జరపకుండా రాసినవి పెద్ద కాలువ మీదివి, వాటికి షరతుతో పని లేదు.

ఇప్పుడు కోనసీమకు వద్దాం. కాకినాడ జేఎన్‌టీయూ సిలబస్‌లో పైథాన్ చేరాక, ఓడలరేవు బీవీసీ లాంటి కాలేజీల్లో కంప్యూటర్ బ్రాంచి పిల్లలకు పైథాన్ ల్యాబు, దానికో రికార్డు, చివర వైవా మామూలయిపోయాయి. సీబీఎస్ఈ బడుల్లో పదకొండో తరగతి కంప్యూటర్ సైన్సు పాఠం కూడా పైథాన్‌లోనే. అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల మొదటిసారి ల్యాబులో కూర్చుంటే జరిగేది దాదాపు ఒకటే.

"సార్, రన్నవ్వట్లేదండి."

"ఏమొచ్చిందమ్మా?"

"ఏదో ఎర్రరండి."

ఈ మూడు మాటల్లోనే చిక్కంతా ఉంది. ఆ పిల్ల ఎర్రర్‌ను చూసింది, చదవలేదు. చదవకపోవడం బద్ధకం వల్ల కాదు. 2021కి ముందు పైథాన్ చాలా తప్పులకు 'ఇన్వాలిడ్ సింటాక్స్' అన్న ఒక్క జవాబే ఇచ్చేది. రెండు చుక్కలు మరిచినా అదే, పోల్చడానికి రెండు సమాన గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టినా అదే. బ్రాకెట్ మూయడం మరిస్తే ఇంకా అన్యాయం. నాలుగో లైనులో బ్రాకెట్ తెరిచి వదిలేస్తే, ఏ దోషమూ లేని ఐదో లైనును యంత్రం వేలెత్తి చూపేది. పిల్లలు ఆ ఐదో లైనును చెరిపి మళ్లీ కొడతారు, మళ్లీ అదే వస్తుంది. అలాంటి సందేశం నాలుగుసార్లు చూశాక చదవడం మానేయడంలో తప్పేముంది? చదివి లాభం లేదని యంత్రమే నేర్పింది.

యంత్రం అలా ఎందుకు మాట్లాడేదో చెప్పాలి. గైడో మొదట్లో రాసిన పార్సర్, అంటే మనం రాసినదాన్ని వ్యాకరణంతో సరిచూసే భాగం, ఒక్కో మాటా చదువుతూ తర్వాతి ఒక్క మాటను మాత్రమే ముందుగా చూడగలిగేది. ఆ మాట అక్కడ ఇమడకపోతే అక్కడే ఆగిపోయేది. మాట ఇమడలేదన్న సంగతి దానికి తెలుసు. రాసినవాడు ఏం రాయబోయి ఏం రాశాడో ఊహించడానికి దానికి దారి లేదు. తేలికగా, చిన్నగా ఉండాలని అలా కట్టారు. 1990ల కంప్యూటర్లకు అది సరిపోయింది కూడా.

యంత్రం చెప్పలేనిదాన్ని ఈలోగా మనుషులు చెబుతూ వచ్చారు. 1999లో గైడో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు ఒక ప్రతిపాదన పంపారు. చదవడం, రాయడం అందరికీ వచ్చినట్టే ప్రోగ్రాములు రాయడమూ అందరికీ రావాలన్నది అందులోని ఆశయం. అనుకున్నంత డబ్బు రాలేదు, పథకం మధ్యలో ఆగింది. దాని గుర్తుగా ఐడిల్ మిగిలింది. పైథాన్ వేసుకోగానే దానితోపాటే వచ్చే, రంగుల్లో అక్షరాలు చూపించే ఆ చిన్న ఎడిటర్‌లోనే చాలామంది మొదటి ప్రోగ్రాము రాశారు. 2001లో వచ్చిన 2.1 వెర్షన్‌లో కా-పింగ్ యీ రాసిన పైడాక్ చేరింది. దానివల్ల 'హెల్ప్' అని కొట్టి బ్రాకెట్లో ఒక పేరు ఇస్తే దాని వివరం అక్కడే కనిపిస్తుంది.

2010లో, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఫిలిప్ గువో ఇంకో సాయం తయారుచేశారు. పైథాన్ ట్యూటర్ దాని పేరు. ప్రోగ్రామును ఒక్కో అడుగే నడిపిస్తూ, ఏ పేరు దేన్ని సూచిస్తోందో పెట్టెలు, బాణాలు గీసి చూపిస్తుంది. ఒక లిస్టును ఇంకో పేరుకు ఇచ్చి, రెండోదాన్ని మారిస్తే మొదటిదీ ఎందుకు మారిందని తల పట్టుకునే పిల్లవాడికి, రెండు పేర్ల బాణాలూ ఒకే పెట్టెకు తగలడం కనిపిస్తే ఇక మాటలతో చెప్పాల్సిన పని ఉండదు. నన్నడిగితే ప్రతి ల్యాబులో మొదటి నెలంతా దీన్నే చూపించాలి.

అసలు మలుపు 2020లో వచ్చింది. ఆ ఏడు అక్టోబరులో విడుదలైన 3.9 వెర్షన్‌లో పాత పార్సర్ స్థానంలో కొత్తది పెట్టారు. గైడో, పాబ్లో గలిండో సల్గాడో, లిసాండ్రోస్ నికొలావు ముగ్గురూ దాని కర్తలు. కొత్త పార్సర్ ఒక్క మాట దగ్గర ఆగిపోదు. ఒక దారి కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకో దారి ప్రయత్నిస్తుంది. ఈ శక్తిని పాబ్లో ఎలా వాడుకున్నారన్నదే నాకు ఈ కథంతటిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. పాబ్లో స్పెయిన్‌వాడు. ఈ పనిలోకి రాకముందు భౌతికశాస్త్రంలో కృష్ణబిలాల మీద పరిశోధన చేశారు.

మామూలుగా ఒక భాష వ్యాకరణంలో సరైన రాతలకే నియమాలుంటాయి. పాబ్లో, ఆయన తోటివాళ్లు తప్పు రాతలకు కూడా నియమాలు రాశారు. 'ఇఫ్' వచ్చి, షరతు వచ్చి, రెండు చుక్కలు లేకుండా లైను తెగిపోతే అది ఒక నియమం. షరతులో ఒకే సమాన గుర్తు ఉంటే అది ఇంకో నియమం. రెండు చుక్కల కింద లైను జరగకపోతే మరో నియమం. ముందు పార్సర్ ఈ తప్పుల నియమాలను పక్కనపెట్టి చదువుతుంది. ప్రోగ్రాము సరిగ్గా ఉంటే వాటి జోలికే పోదు, అందువల్ల వేగం తగ్గదు. ఎక్కడైనా ఆగిపోతేనే రెండోసారి వాటిని తెరిచి మొదటి నుంచి చదువుతుంది. మనం చేసిన తప్పు వాటిలో ఒకదానికి సరిపోయిందా, ఆ నియమం పక్కన రాసి ఉన్న మాట బయటికి వస్తుంది. కొత్తవాళ్లు ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన తప్పుల్లో చాలా ఇప్పుడు పైథాన్ వ్యాకరణంలో ఒక భాగం. తప్పు చేసినవాళ్లకు ఇంతటి గౌరవం ఇచ్చిన సాంకేతిక పని నాకు ఎక్కువ తెలియదు.

2021 అక్టోబరు 4న 3.10 వచ్చింది. చుక్కలు మరిస్తే చుక్కలు కావాలని చెప్పింది. బ్రాకెట్ మూయకపోతే తెరిచిన లైనునే చూపించి 'ఇది మూయలేదు' అంది. పేరులో ఒక అక్షరం తప్పుగా కొడితే 'మీ ఉద్దేశం ఇదా?' అని దగ్గరి పేరును అందించింది. ఈ చివరిదాని వెనుక 1965లో రష్యాలో వ్లదిమీర్ లెవెన్‌స్టైన్ చెప్పిన లెక్క ఉంది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీయాలో, మార్చాలో లెక్కపెట్టి, అతి తక్కువ మార్పుతో దొరికే పేరును సూచిస్తుంది. తర్వాతి వెర్షన్లు ఒక్కొక్కటీ కొంత కలుపుతూ వచ్చాయి. 3.11 లైనులో ఏ ముక్క దగ్గర దెబ్బతిందో గీత గీసి చూపించింది. 3.12 'ఫలానాది ఇంపోర్ట్ చేయడం మరిచారా?' అని అడగడం నేర్చుకుంది. పైథాన్‌తోనే వచ్చే 'రాండమ్' మాడ్యూలు పాఠం చదివి తన ఫైలుకు కూడా రాండమ్ అనే పేరు పెట్టుకుని, ఇంపోర్ట్ చేస్తే తన ఫైలే తిరిగొచ్చి గందరగోళపడే పిల్లలెందరో! 3.13 వాళ్లకు ఫైలు పేరు మార్చుకోమని చెబుతుంది. 2025లో వచ్చిన 3.14 'వైల్' అన్న మాటను అటూ ఇటూ చేసి కొట్టినా పట్టుకుంటుంది. ల్యాబులో పాత వెర్షన్ ఉంటే మాత్రం ఇవేవీ రావు. కొత్త వెర్షన్ వేయించడానికి ఖర్చేమీ లేదు, అది ఉచితం. వేసేటప్పుడు పాత్‌లో చేర్చమనే చిన్న గడిలో టిక్కు పెట్టడం మరవకూడదు. పైథాన్ అనే కమాండే తెలియదని కంప్యూటర్ అంటోందంటే చాలాసార్లు ఆ టిక్కే కారణం.

3.10తో ఈ కొత్త సందేశాలు మొదలైన ఏడు నెలలకు కోనసీమలో ఇంటర్నెట్ ఆగిపోయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాగా ఏర్పడిన కోనసీమకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయం మీద మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగాయి. జిల్లాలో మొబైల్ డేటా ఆపేశారు. దాదాపు రెండు వారాలు అలాగే గడిచింది. ఇళ్ల నుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అవతలి ఒడ్డు సిగ్నలు కోసం గోదావరి గట్ల మీదికి, పక్క ఊళ్లకు వెళ్లారు. ఉద్యోగం ఉన్నవాళ్లు పడవెక్కి రేవు దాటి అయినా పని చూసుకోగలరు. ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకునే డిగ్రీ కుర్రాడికి, పరీక్షకు చదువుకునే అమ్మాయికి అలాంటి దారి ఉండదు. వెతికితే దొరికే జవాబులు, వీడియోలు, మెసేజిలు అన్నీ ఒక్కసారిగా పోతే వాళ్లకు మిగిలేది కంప్యూటర్ లోపల ఉన్న సాయం ఒక్కటే. 'హెల్ప్' అన్న కమాండు, విండోస్‌లో పైథాన్‌తోపాటు దిగే పుస్తకం, ఎర్రర్ చివరి లైను. ఈ మూడింటికీ నెట్టు అక్కర్లేదు.

చివరి లైను అని ఊరికే అనలేదు. పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి చదవాలి. ఏమైందన్నది అట్టడుగు లైనులో ఉంటుంది, ఎక్కడ అయిందన్నది దాని పైన ఉంటుంది. పది లైన్ల ఎర్రర్ చూసి బెదిరిపోయే పిల్లలకు ఈ ఒక్క అలవాటు నేర్పితే సగం సందేహాలు మాస్టారి దాకా రావు.

మిగతా సగం ఎర్రరే రాని తప్పులు. అంబాజీపేట మార్కెట్‌కు కొబ్బరికాయలు తోలే రైతు కొడుకు సరదాగా ఒక లెక్క రాశాడనుకుందాం. కాయలెన్నో 'ఇన్‌పుట్'తో అడిగి, కాయకు పన్నెండు రూపాయల చొప్పున గుణించాడు. 25 అని కొట్టాడు. మూడొందలు రావాలి. తెర మీద 25 అన్న అంకె పక్కపక్కనే పన్నెండుసార్లు వచ్చింది. 'ఇన్‌పుట్' ఏది తెచ్చినా దాన్ని అక్షరాలుగానే తెస్తుంది. అక్షరాలను పన్నెండుతో గుణిస్తే పైథాన్ వాటిని పన్నెండుసార్లు రాస్తుంది. భాష ప్రకారం అది సరైన పనే గనుక యంత్రం నోరు మెదపదు. 'ఇంట్'తో అంకెగా మార్చుకోవాలని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి, లేదా ఆ మనిషి ముందే ఆలోచించి తయారుచేసిన పాఠం ఉండాలి.

అలాంటి పాఠాలకు మన దేశంలో మంచి ఉదాహరణ ఐఐటీ బొంబాయిలో కన్నన్ మౌద్గల్య నడిపించిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు. ఒక్కో పాఠం పది నిమిషాలు. దించుకుని నెట్టు లేకుండా చూడొచ్చు, పక్కనే ప్రోగ్రాము తెరుచుకుని చూస్తూ చేయొచ్చు. పాఠాల మాటలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి తేవడం ఆ ప్రాజెక్టు పనిలో భాగం. రాసిన పాఠాన్ని రికార్డు చేయడానికి ముందు, ఆ విషయం బొత్తిగా తెలియని ఒకరి చేతికి ఇచ్చి చేయించి చూడటం వాళ్ల నియమం. ఎక్కడ ఆగిపోతే అక్కడ పాఠాన్ని సరిదిద్దుతారు. నిపుణుడు చూసి బాగుందంటే చాలదు.

ఈ రోజుల్లో పిల్లలు ఎర్రర్‌ను కాపీ చేసి చాట్‌జీపీటీలో పెడుతున్నారు. అది వివరంగా, ఓపిగ్గా చెబుతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది. నాకు దాని మీద వ్యతిరేకత లేదు. చివరి లైను తాము చదివాక అడగమంటాను, అంతే. తనకు ఏం అర్థం కాలేదో తెలిసి అడిగిన పిల్లకు దొరికే జవాబు వేరు.

తెలుగు పిల్లలకు ఇంకా ఎవరూ పూర్తిగా తీర్చని చిక్కు ఒకటుంది. ప్రతి పైథాన్ రికార్డులోనూ ఒక లెక్క ఉంటుంది, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తించడం. ఇంగ్లీషు మాటలిస్తే చక్కగా పనిచేస్తుంది. తెలుగువాడెవడికైనా ఇక్కడ మొదట గుర్తొచ్చే మాట వికటకవి. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిందని చెప్పుకునే ఆ పేరును ఇచ్చి చూడండి. కాదు, రెండు వైపులా ఒకేలా లేదంటుంది పైథాన్. ఏ ఎర్రరూ చూపదు. మనకు 'వి' ఒకే అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌ పద్ధతిలో అది 'వ', గుడి అని రెండు. తిరగేస్తే గుడి ముందుకు, 'వ' వెనక్కి వెళతాయి. కోనసీమ అన్న మాట పొడవు అడిగితే నాలుగు అనదు, ఆరు అంటుంది. తిరగేయమంటే మసీనకో రావాల్సింది, 'మీసనోక' వస్తుంది. గుడులు, ఏత్వాలు ఏమీ లేని 'కనక' లాంటి మాట ఇస్తే మాత్రం లెక్క సరిగ్గా వస్తుంది. దాంతో పిల్లలు ప్రోగ్రాము బాగానే ఉందనుకుంటారు. 'వికటకవి' దగ్గర తప్పు తమదే అనుకుంటారు.

తప్పు వాళ్లది కాదు. గుణింతం గుర్తులను అక్షరంతో కలిపి ఒకటిగా లెక్కించే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. వాటిని పాటించే 'రెజెక్స్' అనే ప్యాకేజీని విడిగా వేసుకుంటే వికటకవి ఐదు అక్షరాలుగా విడిపోతుంది, లెక్క కుదురుతుంది. ఒత్తుల సంగతి ఇంకా కష్టం. పాత నియమాల ప్రకారం 'అమ్మ' మూడు ముక్కలయ్యేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల ఒత్తులను విడగొట్టకూడదన్న నియమం చేరింది. ప్యాకేజీ పాతదైతే ఆ నియమం దానికి ఇంకా తెలియకపోవచ్చు.

ఓడలరేవులోనో అమలాపురంలోనో ఈ ఏడాది ఆ ల్యాబు చేయించే మాస్టార్లు రికార్డులో ఇంగ్లీషు మాట కింద వికటకవి కూడా రాయించాలని నా కోరిక. జవాబు తప్పుగా వచ్చాక, ఎందుకొచ్చిందో పిల్లల చేత వెతికించాలి. అక్షరాలను ఒక్కొక్కటిగా 'ఫర్'తో అచ్చు వేయిస్తే, విడిపోయిన గుడి ఒంటరిగా తెర మీద కనిపిస్తుంది.